రేడియో కన్ను తెరచిన వాట్సన్-వాట్

ఆకాశమున మేఘములను చీల్చుకొని పోవు యుద్ధవిమానమును చూచినపుడు మన మనస్సు మొదట దాని వేగము మీదికిని, దాని ఆయుధముల మీదికిని పోవును. కాని ఆ విమానమును నడపు వైమానికుని ప్రాణమును కాపాడునవి ఆయుధములు మాత్రమే కావు. శత్రువు ఎచట నున్నాడో ముందుగా తెలిసికొను కన్ను, నేలమీది వారితో మాటలాడు నోరు, తనను వెదకుచున్న శత్రువు జాడను పసికట్టు చెవి, తాను మిత్రుడనని తెలుపు గుర్తు, ఈ నాలుగును వానికి కావలెను. ఇవి లేని విమానము ఎంత వేగము గలదైనను చీకటిలో పరుగెత్తు మనుష్యునితో సమానము. వీనిలో మొదటిదైన కన్నును తన దేశమునకు సకాలమున సమకూర్చి, తక్కిన వానికి దారి చూపిన శాస్త్రజ్ఞుడు సర్ రాబర్టు వాట్సన్-వాట్.

ఆయన 1892 వ సంవత్సరము ఏప్రిలు 13 వ తేదీన స్కాట్లండు దేశమున బ్రెకిన్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి వడ్రంగము వృత్తిగా గలవాడు. ఆవిరియంత్రమును సంస్కరించిన జేమ్సు వాట్ వంశముతో తనకు సంబంధము కలదని ఆయన చెప్పుకొనుచుండెడివాడు. బ్రెకిన్‌లోని పాఠశాలలలో చదువు ముగించి, విద్యార్థివేతనమును సంపాదించి, డండీ నగరమందలి యూనివర్సిటీ కళాశాలలో చేరెను. 1912 లో ఇంజనీరింగు పట్టమును పొందెను. అచట భౌతికశాస్త్రమును బోధించుచుండిన విలియం పెడ్డీ అను ఆచార్యుడు ఈ యువకుని తెలివిని గుర్తించి, తనకు సహాయకునిగా చేర్చుకొని, రేడియో తరంగములయందు ఆసక్తి కలిగించెను. ఆనాటికి రేడియో ఇంకను బాల్యదశలోనే యుండెను. ఒక గురువు చూపిన దారి ముందుముందు ఒక దేశమునకే రక్షణ కాగలదని అప్పు డెవరికిని తెలియదు.

1914 లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. ఆ యుద్ధకాలమున వాట్సన్-వాట్ వాతావరణశాఖలో ఉద్యోగమున చేరెను. ఆ కాలపు విమానములు కొయ్యతోను, గుడ్డతోను కట్టినవి. ఉరుములు మెరుపులతో కూడిన గాలివానలో చిక్కుకొన్నచో అవి తిరిగివచ్చుట కష్టము. అందుచేత గాలివాన ఏ దిక్కున నున్నదో వైమానికులకు ముందుగా చెప్పుట అవసరమయ్యెను. మెరుపు మెరసినపుడు రేడియోలో చిటపట ధ్వని వినబడుట మీరు గమనించియుందురు. ప్రతి మెరుపును ఒక రేడియో తరంగమును పుట్టించును. ఆ తరంగము వచ్చు దిక్కును కనుగొనినచో గాలివాన యున్న దిక్కు తెలియునని వాట్సన్-వాట్ తలచెను.

అయితే ఇందొక చిక్కు కలదు. దిక్కును కనుగొనుటకు ఏరియలును అటు నిటు త్రిప్పవలెను. అది తిరుగు లోపలనే మెరుపు మాయమై పోవును. ఆయన ఏండ్ల తరబడి ఈ చిక్కుతో పెనగులాడెను. చివరకు 1920 ల దశకమున, ఏరియలును త్రిప్పుట మాని, కదలని ఏరియలులను అడ్డముగను నిలువుగను నిలిపి, వానిని కాథోడు కిరణనాళమునకు కలిపెను. పాతకాలపు టెలివిజను తెర ఇట్టి నాళమే. మెరుపు మెరసిన తోడనే ఆ తెరమీద ఒక గీత తళుక్కున కనబడి, తరంగము వచ్చిన దిక్కును చూపెడిది. చెవికి అందని దానిని కంటికి చూపిన ఈ ఉపాయము ఆయన జీవితమునకు పునాది యయ్యెను. తరువాతి యుద్ధమున సముద్రములో దాగిన జలాంతర్గాములు రేడియోలో మాటలాడినపుడు వాని దిక్కును కనుగొనుటకు కూడ ఇదియే తోడ్పడెను. స్లౌ పట్టణము చెంత నున్న రేడియో పరిశోధనాలయమునకు ఆయన అధిపతి యయ్యెను. భూమికి పైన, ఎంతో ఎత్తున, రేడియో తరంగములను తిరిగి నేలకు పంపు వాయుమండల భాగమునకు ఐనోస్ఫియరు అను పేరు వ్యాప్తిలోనికి వచ్చుటకు కూడ ఆయనయే కారకుడు.

1930 తరువాత ఐరోపాపై యుద్ధమేఘములు మరల క్రమ్ముకొనసాగెను. బాంబులు వేయు విమానములు నానాటికి వేగము గలవగుచుండెను. అవి సముద్రమును దాటి లండను నగరముపైకి వచ్చునంతవరకు వాని జాడ ఎవరికిని తెలియదు. సముద్రతీరమున పెద్ద కాంక్రీటు గోడలను పుటాకారముగ కట్టి, విమానధ్వనిని వినుటకు ప్రయత్నించిరి. కాని ఆ గోడలకు ధ్వని అందిన కొద్ది నిమిషములకే విమానము నెత్తిమీదికి వచ్చుచుండెను. బాంబు విమానమును ఆపుట అసాధ్యమని మంత్రులును, సేనానులును కూడ నమ్మిన దినము లవి. ఒక దేశప్రజ లందరును తమ ఇండ్లలోనే నిస్సహాయులై యుండిరి.

అట్టి సమయమున శత్రువులు మారణకిరణము నొకదానిని కనిపెట్టిరని, అది తగిలినచో వైమానికుడు ఆకాశముననే చచ్చునని వదంతులు పుట్టెను. 1935 జనవరిలో బ్రిటిషు విమానమంత్రిత్వశాఖలోని వింపెరిస్ అను అధికారి ఈ విషయమై వాట్సన్-వాట్ అభిప్రాయమును అడిగెను. ఆయన తన సహాయకుడగు ఆర్నాల్డ్ విల్కిన్స్‌కు ఒక లెక్క నిచ్చెను. కొంత దూరమున నున్న ఇన్ని శేర్ల నీటిని ఇన్ని డిగ్రీలు వేడిచేయుటకు ఎంత రేడియోశక్తి కావలె నన్నదే ఆ లెక్క. ఆ నీరు మనిషి దేహములోని రక్తమునకు సమానమని విల్కిన్స్ గ్రహించెను. లెక్క కట్టి చూడగా, అంతటి శక్తిని పుట్టించుట ఆనాటి ఏ యంత్రమునకును సాధ్యము కాదని తేలెను.

లెక్క అంతటితో ముగిసెను. కాని ఆలోచన ముగియలేదు. కిరణముతో చంపుట సాధ్యము కానిచో మరి యే విధముగనైన దేశరక్షణకు తోడ్పడవచ్చునా యని వాట్సన్-వాట్ అడిగెను. విమానము దాపునకు వచ్చినపుడు రేడియో సంకేతములు కలత చెందుచున్నవని తపాలాశాఖ ఇంజనీర్లు వ్రాసిన సంగతి విల్కిన్స్‌కు జ్ఞాపకము వచ్చెను. తరంగము విమానమును తాకి వెనుకకు మరలుటయే అందుకు కారణము. బావిలో మాట పలికినచో ప్రతిధ్వని వచ్చునట్లు, ఆకాశములోని విమానము నుండి రేడియో ప్రతిధ్వని వచ్చును. చంపు కిరణమును అడిగినవారికి చూచు కిరణము దొరకెను. ఫిబ్రవరి 12 వ తేదీన వాట్సన్-వాట్ ఈ విషయమును వివరించి ప్రభుత్వమునకు ఒక రహస్యపత్రమును పంపెను. ఆ కీర్తిలో విల్కిన్స్‌కు గల భాగమును మనము మరువరాదు.

హ్యూ డౌడింగ్ అను వైమానిక సేనాధిపతి అప్పుడు పరిశోధనశాఖను చూచుచుండెను. కాగితముమీది లెక్కలతో తృప్తిపడువాడు కాడు. కన్నుల యెదుట ఋజువు చూపవలెనని ఆయన కోరెను. 1935 ఫిబ్రవరి 26 వ తేదీ ఉదయమున డావెంట్రీ పట్టణమునకు సమీపమున ఒక పొలములో ఒక బండి నిలిచెను. అందు విల్కిన్స్ అమర్చిన గ్రాహకయంత్రము కలదు. డావెంట్రీలోని బి. బి. సి. కేంద్రము నుండి 49 మీటర్ల తరంగములు ప్రసారమగుచుండెను. హేఫోర్డ్ అను బాంబు విమానము ఆ దారిన అటు నిటు ఎగురుచుండెను. తెరమీద నున్న చిన్న పచ్చని వెలుగు విమానము సమీపించుకొలది పెరుగుచు తగ్గుచు కదలసాగెను. సుమారు 13 కిలోమీటర్ల దూరము వరకు విమానము జాడ తెలిసెను. చూచుటకు వచ్చిన అధికారి సందేహము తీరి వెడలిపోయెను. పరిశోధనకై 10,000 పౌనులు మంజూరయ్యెను.

ఆ మే నెలలో వాట్సన్-వాట్ అనుచరులు కొద్దిమంది సముద్రతీరమందలి ఆర్ఫర్డ్‌నెస్ అను నిర్జనప్రదేశమునకు చేరి పని ప్రారంభించిరి. వారి యంత్రము ఎడతెగక తరంగములను పంపునది కాదు. క్షణములో అత్యల్పభాగము తరంగమును విడిచి, పిదప మౌనము వహించి, ప్రతిధ్వని కొరకు ఎదురుచూచును. రేడియో తరంగము సెకండునకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును. 150 కిలోమీటర్ల దూరమున నున్న విమానమును తాకి తిరిగివచ్చుటకు దానికి పట్టు కాలము సెకండులో వేయవ వంతు మాత్రమే. ఆ కాలమును తెరమీద కొలిచినచో దూరము తెలియును. జూన్ నెలలో 27 కిలోమీటర్ల దూరము నుండియు, సంవత్సరాంతమునకు సుమారు 100 కిలోమీటర్ల దూరము నుండియు విమానములు కనబడెను. దీనికి రాడారు అను పేరు తరువాత 1940 లో అమెరికావారు పెట్టినది.

1936 లో వారు బాడ్సే అనుచోట ఒక పెద్ద భవనమునకు తమ నివాసమును మార్చిరి. తీరము పొడవునను రాడారు కేంద్రములను కట్టుట ప్రారంభమయ్యెను. ఈ గొలుసునకు చెయిన్ హోమ్ అని పేరు. తరంగములను పంపు ఉక్కుగోపురములు 110 మీటర్ల ఎత్తు గలవి. ప్రతిధ్వనిని అందుకొను కొయ్యగోపురములు 73 మీటర్ల ఎత్తు గలవి. ఇంతకంటె సూక్ష్మమైన తరంగములతో ఇంకను మేలైన యంత్రములను నిర్మింపవచ్చునని వాట్సన్-వాట్‌కు తెలియును. అయినను ఆయన దాని కొరకు ఆగలేదు. అన్నిటికంటె శ్రేష్ఠమైనది ఎన్నటికిని పూర్తికాదు. దాని తరువాతిది ఆలస్యముగ వచ్చును. మూడవ తరగతిదైనను నేడు చేతికి వచ్చు యంత్రముతో పని సాగింపవలె నన్నది ఆయన సిద్ధాంతము. యుద్ధము ఎవరి కొరకును ఆగదు గదా! 1939 సెప్టెంబరులో యుద్ధము ఆరంభమగునాటికి సుమారు 20 కేంద్రములు పగలును రేయియు సముద్రమును కాచుచుండెను.

చూచుట ఒక్కటియే చాలదు. చూచినది సకాలమున వైమానికునికి చేరవలెను. కేంద్రముల నుండి టెలిఫోను తీగల ద్వారా వార్తలు లండను చెంతనున్న బెంట్లీ ప్రయరీ భవనమునకు పోయెడివి. అచట వానిని సరిచూచి, పెద్ద బల్లమీది పటముపై గుర్తులను కదలించెడివారు. అచటి నుండి ఆజ్ఞలు స్థానిక కేంద్రములకును, ఆ కేంద్రముల నుండి రేడియో ద్వారా ఆకాశములోని వైమానికునికిని చేరెడివి. ఈ పనిలో స్త్రీలు పెక్కుమంది పాల్గొనిరి. తెరముందు కూర్చుండి ఓర్పుతో గమనించుటకు స్త్రీలు తగినవారని మొదటి నుండి వాదించినవారిలో వాట్సన్-వాట్ ఒకడు. స్వపక్షపు విమానము ఎచట నున్నదో తెలియుటకు మరియొక ఉపాయము ఉండెను. దానిలోని రేడియో ప్రతి నిమిషమున 14 సెకండ్లపాటు తనంతట తానే ఒక సంకేతమును పంపెడిది. నేలమీద మూడు చోట్ల దాని దిక్కును కనుగొని గీతలు గీచినచో, అవి కలిసిన చోటనే విమానము. మెరుపు దిక్కును వెదకిన ఉపాయమునకు ఇది తోబుట్టువు.

అయినను ఈ ఏర్పాటులో ఒక లోపము మిగిలియుండెను. రాడారు తెరమీద మిత్రుని వెలుగును, శత్రుని వెలుగును ఒక్కతీరుననే యుండును. యుద్ధము ఆరంభమైన మూడవ దినమున, 1939 సెప్టెంబరు 6 వ తేదీన, ఈ లోపము రక్తమును కోరెను. పొరపాటుగా శత్రువులు వచ్చుచున్నారని వార్త వచ్చెను. విమానములు పైకి లేచెను. లేచినవే మరల శత్రువులుగ కనబడెను. స్పిట్‌ఫైరు విమానములు తమ వారివే యైన రెండు హరికేను విమానములను కూల్చివేసెను. ఒక యువవైమానికుడు తన వారి చేతులలోనే మరణించెను. మిత్రుని గుర్తించు సాధనము అవసరమగునని వాట్సన్-వాట్ 1935 లోనే తలచియుండెను. ఈ దుర్ఘటన తరువాత ఆ పని త్వరితమయ్యెను. విమానములో ఒక చిన్న పెట్టెను అమర్చిరి. నేలమీది రాడారు తరంగము తాకినంతనే ఆ పెట్టె తానుగా బదులు పలుకును. అప్పుడు తెరమీది వెలుగు ఉబ్బి, వచ్చినవాడు మిత్రుడని తెలుపును. చీకటిలో వచ్చినవానిని ఎవరని అడిగి, బదులు విని తలుపు తీయుట వంటిదే యిది.

1940 వేసవిలో జర్మను విమానములు వందలకొలదిగ బ్రిటనుపై విరుచుకొనిపడెను. బ్రిటనుకు యుద్ధవిమానములు తక్కువ. వానిని రేయింబవళ్లు ఆకాశమున త్రిప్పుచు కావలి కాయించినచో యంత్రములును, మనుష్యులును అరిగిపోయెడివారు. రాడారు కారణమున వారు నేలమీద విశ్రమించి, శత్రువు వచ్చునపుడు మాత్రమే, వచ్చు చోటికే ఎగురగలిగిరి. ఆగస్టు 12 వ తేదీన జర్మనులు కొన్ని రాడారు కేంద్రములపై బాంబులు వేసిరి. వానిలో ఒకటి తప్ప తక్కినవి కొద్ది గంటలలోనే మరల పని చేయసాగెను. గోపురములు నిలిచియుండుట చూచి శత్రువులు ఆ ప్రయత్నమును త్వరలోనే విడిచిపెట్టిరి. అది వారు చేసిన గొప్ప పొరపాటు. ఆ సంవత్సరము బ్రిటను నిలిచెను.

గొప్పవారును పొరపాట్లు చేయుదురు. 1937 లో వాట్సన్-వాట్ తన భార్యతో కూడ విహారయాత్రకు వెళ్ళినట్లు జర్మనీకి వెళ్ళి, అచట రాడారు గోపురము లున్నవేమో యని వెదకెను. తన గోపురముల వంటివి కనబడనందున జర్మనులకు రాడారు లేదని తలచెను. నిజమునకు వారి రాడారు వేరు రూపమున నుండెను. జర్మనులును అట్టి పొరపాటే చేసిరి. 1939 లో వారి పెద్ద వాయునౌక రేడియో చెవులను అమర్చుకొని బ్రిటిషు తీరము వెంబడి ఎగిరినను, వినవచ్చినది రాడారని గుర్తింపలేకపోయెను. తాను చేయు తీరుననే ఎదుటివాడును చేయునని నమ్ముట ఇరువురిని మోసగించెను.

కన్ను పుట్టినచోట కన్నుకప్పు ఉపాయము కూడ పుట్టును. రాడారు తరంగములో సగము పొడవు గల లోహపు రేకును గాలిలో వదలినచో, అది చిన్నదైనను గట్టి ప్రతిధ్వని నిచ్చును. అట్టి రేకులను వేలకొలదిగ జారవిడిచినచో తెర యంతయు వెలుగులతో నిండి, అసలు విమానము వానిలో మరుగుపడును. ఆర్. వి. జోన్స్ అను శాస్త్రజ్ఞుడు ఈ ఊహను 1937 లో సూచించెను. 1942 లో జోన్ కరన్ అను విదుషి దానిని ప్రయోగములతో నిరూపించెను. దీనికి విండో అను మారుపేరు పెట్టిరి.

ఈ ఉపాయమును వాడరాదని వాదించినవారిలో వాట్సన్-వాట్ కూడ ఉండెను. శత్రువు కూడ దానిని నేర్చినచో బ్రిటను కన్నులు పోవునని ఆయన భయము. తాను చేతులార పెంచిన విద్య గుడ్డిదగుట చూడలేక ఆయన అట్లు వాదించెనని జోన్స్ తలచెను. రెండింటను సత్యము ఉండవచ్చును. విచిత్రమేమనగా, జర్మనులు కూడ ఇదే ఉపాయమును కనుగొని, ఇదే భయముచేత దాచియుంచిరి. తుదకు 1943 జూలై 24 వ తేదీ రాత్రి బ్రిటిషువారు హాంబర్గు నగరముపై దానిని ప్రయోగించిరి. రేకులు 27 సెంటీమీటర్ల పొడవు గలవి. జర్మను రాడారులు తబ్బిబ్బయ్యెను. దండెత్తిన 791 విమానములలో 12 మాత్రమే కూలెను. వైమానికుల ప్రాణములు దక్కెను. కాని ఆ వరుస దాడులలో ఆ నగరమున ముప్పదివేలకు మించిన పౌరులు అగ్నికి ఆహుతియైరి. రక్షణకై పుట్టిన విద్య సంహారమునకును త్రోవ తీయగలదని ఇట్టి సంఘటనలు చెప్పుచున్నవి.

మరియొక పాఠము కూడ ఆ యుద్ధముననే తెలిసెను. వెనుక నుండి వచ్చు శత్రువును పసికట్టుటకై బ్రిటిషు బాంబు విమానముల తోకలలో 1943 లో మోనికా అను చిన్న రాడారును అమర్చిరి. జర్మనులు ఆ తరంగములనే వినగల యంత్రమును తయారుచేసి, వాని ఆధారముననే విమానములను వెంటాడిరి. 1944 జూలైలో ఒక జర్మను విమానము దారి తప్పి బ్రిటనులోని వుడ్‌బ్రిడ్జిలో దిగుటచే ఈ రహస్యము బయటపడెను. కావలియని నమ్మిన దీపమే దొంగకు దారి చూపెను. వెంటనే మోనికాలను తీసివేసిరి. యుద్ధవిమానము ఎప్పుడు చూడవలెనో, ఎప్పుడు మౌనముగ వినవలెనో తెలిసికొనుట ఆనాటి నుండియే నేర్చుకొనిన విద్య.

1941 లో వాట్సన్-వాట్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1942 లో సర్ బిరుదమును పొందెను. అమెరికావారు కూడ ఆయన సలహాను స్వీకరించి, 1946 లో పతకముతో గౌరవించిరి. యుద్ధానంతరము బ్రిటిషు ప్రభుత్వము రాడారు శాస్త్రజ్ఞులకు బహుమానముల నిచ్చినపుడు ఆయనకు సుమారు 50,000 పౌనులు లభించెను. పిదప ఆయన కొంతకాలము కెనడాలో నివసించెను. 1950 ల దశకమున అచట ఒకనాడు కారును వేగముగ నడపినందుకు ఒక పోలీసు ఆయనను ఆపెను. వేగమును కొలిచిన యంత్రము రాడారే! తాను నాటిన చెట్టు ముల్లు తనకే గ్రుచ్చుకొనెనని ఆయన కోపపడక, దానిపై హాస్యముగ ఒక పద్యమును వ్రాసెను.

1966 లో ఆయన, యుద్ధకాలమున మహిళా వైమానికదళమునకు తొలి అధ్యక్షురాలైన కాథరిన్ ట్రెఫ్యూసిస్ ఫోర్బ్స్‌ను వివాహమాడెను. రాడారు తెరలను కాచిన స్త్రీలు ఆమె దళమునకు చెందినవారే. ఆమె 1971 లో మరణించెను. 1973 డిసెంబరు 5 వ తేదీన ఇన్వర్నెస్ నగరమున ఆయనయు కన్నుమూసెను. పిట్లోక్రీలోని చర్చి ఆవరణమున ఆయన సమాధి కలదు.

రేడియో ప్రతిధ్వనిని కనుగొన్నది వాట్సన్-వాట్ ఒక్కడే యనుట సత్యము కాదు. జర్మనీ ఇంజనీరు హుల్స్‌మేయర్ 1904 లోనే ఓడల జాడను రేడియోతో కనుగొనెను. ఇతర దేశములందును పరిశోధనలు జరిగెను. కాని కన్నును, నోటిని, గుర్తును ఒక్క శరీరములోని అవయవములవలె కూర్చి, ఆపద వచ్చులోపల సిద్ధముచేసినవారిలో ఆయన అగ్రగణ్యుడు. నేటి జెట్ యుద్ధవిమానములో శత్రువు రాడారు తనపై పడిన తోడనే హెచ్చరించు గ్రాహకము కలదు. రాడారును తికమక పెట్టు రేకుల పొట్లములు కలవు. మిత్రుడనని బదులు చెప్పు పెట్టె కలదు. శత్రువు వినకుండ తరంగములను క్షణక్షణము మార్చుచు మాటలాడు రేడియో కలదు. మన హైదరాబాదులోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనాలయమున శాస్త్రజ్ఞులు ఇట్టి సాధనముల మీదనే పని చేయుచున్నారు.

2014 లో బ్రెకిన్ పట్టణవాసులు తమ బిడ్డ విగ్రహమును ప్రతిష్ఠించుకొనిరి. ఆ విగ్రహము ఒక చేత రాడారు గోపురమును, మరియొక చేత స్పిట్‌ఫైరు విమానమును పట్టుకొని నిలిచియున్నది. ఒకటి లేక రెండవది నిలువదని ఆ రెండు చేతులును చెప్పుచున్నవి. అసాధ్యమని తేలిన ప్రశ్నను అచటనే విడువక, మరియొక ప్రశ్న నడిగిన ఆ బుద్ధియు, శ్రేష్ఠమైన దాని కొరకు కూర్చుండక చేతిలోనిదానితో కార్యమునకు పూనుకొనిన ఆ ధైర్యమును మనము నేర్వదగినవి.